ఒకే వంక మీది పంచాయతీలు గొలుసుకట్టు చెరువులను కలిసి నడుపుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

చిత్తూరు, తిరుపతి పక్కల చెరువు ఒంటరిగా ఉండడం అరుదు. పై చెరువు మొరవ (నిండిన చెరువు నుంచి మిగులు నీళ్లు బయటికి పోయే దారి) పారితే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. అదీ నిండితే దాని కిందిదానికి. చివరికి స్వర్ణముఖిలోనో, నీవాలోనో, కుశస్థలిలోనో కలుస్తాయి. ఈ వరసలో పై చెరువు ఒక పంచాయతీది, కాలువ ఇంకో పంచాయతీ పొలాల్లో, కింది చెరువు మూడోవాళ్లది. కింది ఊరి సర్పంచి తన చెరువులో ఎంత పూడిక తీయించినా, పై ఊరి హద్దులో కిలోమీటరు కాలువ కంపతో మూసుకుపోయి ఉంటే చుక్క నీళ్లు రావు. ఆ కంప కొట్టించాల్సిన గరజు పై ఊరికి లేదు. వాళ్ల చెరువు ఎలాగూ నిండుతుంది.

వాన ముదిరిన ఏడాది ఇదే చిక్కు తిరగబడుతుంది. 2021 నవంబరు వానల్లో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి భయం వచ్చి, కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. పైన ఎంత పారుతోందో కింద తెలియాలి, కింద దారి తెరిచి ఉందో లేదో పైన తెలియాలి. ఆ మాట అందించుకునే ఏర్పాటు వాన మొదలయ్యాక కుదరదు.

ఇక్కడ చెప్పే పద్ధతి మూడు నుంచి ఆరు పంచాయతీలకు సరిపోతుంది. అంతకు మించితే గొలుసును రెండు ముక్కలు చేసుకుని, రెండు ముక్కలకూ ఉమ్మడిగా ఉన్న చెరువు పంచాయతీని రెండింటిలోనూ కూర్చోబెట్టండి. మొదటి నుంచీ గుర్తుంచుకోవాల్సిన వరస ఒకటుంది: నడక పై నుంచి కిందికి, పని కింది నుంచి పైకి.

ఆగస్టులో మొదలుపెట్టాలి, ఫిబ్రవరిలో కాదు

చాలామంది ఎండాకాలం పనులు మొదలయ్యాక పక్క పంచాయతీని కదిలిస్తారు. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 గ్రామసభతో మొదలై జనవరితో ముగుస్తుంది. ఉపాధి హామీ పనుల జాబితా కూడా ఆ గ్రామసభల నుంచే కడతారు. ప్రణాళికలో లేని పనికి పంచాయతీల ఆన్‌లైన్ లెక్కల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో కోడ్ రాదు, కోడ్ లేకపోతే బిల్లు కాదు. నాలుగు పంచాయతీల్లో మూడు రాసుకుని ఒకటి మరిచిపోతే, సరిగ్గా ఆ ఒక్క ముక్క దగ్గరే కాలువ ఆగిపోతుంది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ఆగస్టు, సెప్టెంబరులో వంక నడవాలి, అప్పుడు వంక అడుగు చాలావరకు పొడిగానే ఉంటుంది. అక్టోబరు 2న అన్ని గ్రామసభల్లోనూ ఒకే తీర్మానం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ పక్కదారి పడుతున్నాయో చూడాలి. జనవరిలో అంచనాలు ఖాయం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పని. మనకు చెరువులు నింపేది ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చే వాయుగుండాలే కాబట్టి జూలైలో పని మిగిలిపోయినా కొంప మునగదు. సెప్టెంబరు చివరికి మిగలకూడదు.

చెరువు ఎవరి పుస్తకంలో ఉంది?

కట్ట మీద నిలబడి "మా చెరువు" అనడం వేరు, రికార్డు వేరు. ఒకప్పుడు నూరెకరాల లోపు ఆయకట్టున్నవి పంచాయతీరాజ్ చేతిలో, అంతకు మించినవి చిన్ననీటి పారుదల శాఖ చేతిలో ఉండేవి. ఇప్పుడు మీ గొలుసులో ఒక్కొక్కటీ ఏ శాఖ జాబితాలో ఉందో జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరా, మండల పరిషత్ ఇంజినీరు దగ్గరా విడివిడిగా అడిగి రాసుకోండి. ఇద్దరూ "మాది కాదు" అనే చెరువు ఒకటైనా ఉంటుంది. దాన్ని ముందే పట్టుకుంటే కలెక్టరేట్‌కు ఒక ఉత్తరంతో తేలుతుంది. అంచనా వేశాక తెలిస్తే ఏడాది పోతుంది.

శాఖ చెరువైతే తూము, మొరవ, కట్ట మీద పంచాయతీ చేయి వేయకూడదు. కాలువ కంప కొట్టడానికైనా ఏఈ నుంచి రాతలో అనుమతి తీసుకోండి. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన సాగునీటి సంఘం ఆ చెరువుకు ఉంటే దాని అధ్యక్షుణ్ణి మొదటి సమావేశానికే పిలవాలి. తీర్మానాలన్నీ అయ్యాక సంతకానికి పిలిస్తే సంతకం పెట్టరు, అది న్యాయమే.

కాలువకు సర్వే నంబర్లు కావాలి. గ్రామ సర్వేయర్ దగ్గర గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) తీసుకుని వంక పోరంబోకు, కాలువ పోరంబోకు ఏ ఏ నంబర్లలో పోతున్నాయో వరసగా రాయించుకోండి. కొన్నిచోట్ల కాలువ పట్టా భూమిలోంచి పోతుంది. అక్కడ రైతు ఒప్పుకోలు పత్రం లేకుండా పార దింపకండి.

వంక నడవడం

ప్రతి పంచాయతీ నుంచి ముగ్గురు చాలు: కార్యదర్శి, ఇంజినీరింగ్ అసిస్టెంట్, నీరుగంటి (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి). నీరుగంటి లేని ఊళ్లో గొర్రెలు మేపే పెద్దాయన్ను వెంటబెట్టుకోండి. పాత కాలువ ఎటు పోయేదో నక్షా కన్నా ఆయనకే బాగా తెలుస్తుంది. సర్పంచులందరూ కనీసం ఒక్కరోజు పూర్తిగా నడవాలి. కింది ఊరి సర్పంచి పై ఊరి మొరవ మీద నిలబడితే సగం పోట్లాట అక్కడే తగ్గుతుంది.

చేతిలో ఉండాల్సినవి: 30 మీటర్ల టేపు, ఫోనులో జీపీఎస్ కెమెరా, ఎర్ర రంగు డబ్బా, ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్. లెవెల్ దొరక్కపోతే లోపలి నీళ్లు కనిపించే 10 మీటర్ల ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి వాడుకోవచ్చు. గొట్టంలో గాలి బుడగ ఉంటే లెవెల్ తప్పుతుంది, అది చూసుకోవాలి. ముందురోజు రాత్రి ఇస్రో ఉపగ్రహ చిత్రాల సైటు భువన్‌లోనో గూగుల్ ఎర్త్‌లోనో గొలుసు మొత్తం గీసుకుని వస్తే దారి తప్పరు.

పై చెరువు మొరవ దగ్గర సున్నా మొదలుపెట్టి ప్రతి 30 మీటర్లకూ అడుగు వెడల్పు, లోతు, పూడిక, కంప, పక్క కయ్య ఎవరిదో రాయండి. ప్రతి కల్వర్టు దగ్గర ఆగి పైపు వ్యాసం, ఎన్ని పైపులు, ఎంత మూసుకుపోయాయో కొలవండి. ప్రతి మొరవ గడప లెవెల్‌ను దగ్గరున్న గుడి మెట్టుకో బండరాయికో ముడిపెట్టి అక్కడ ఎర్ర గీత వేయండి. తర్వాత ఎవరైనా మొరవ ఎత్తు పెంచారా లేదా అన్న వాదన వస్తే ఆ గీతే సాక్షి. పంచాయతీ హద్దు దాటే చోట మీటరు లెక్కతో సహా గుర్తు పెట్టండి, "0 నుంచి 840 దాకా పై ఊరు, 840 నుంచి 2,000 దాకా నడిమి ఊరు" అన్నట్టు. అంచనాలు, బిల్లులు, తగాదాలు అన్నీ ఈ అంకెల మీదే నడుస్తాయి.

సగం పూడితే సగం నీళ్లు కాదు

పూడిక లెక్కను ఒకసారి కాగితం మీద చూపించకపోతే పై ఊరివాళ్లు "కొంచెం మట్టేగా" అంటారు. అడుగు వెడల్పు మీటరున్నర, లోతు మీటరు, పక్క వాలు ఒకటికి ఒకటి ఉన్న కాలువ తీసుకోండి. వెయ్యి మీటర్లకు మీటరు పల్లం ఉంటే, శుభ్రంగా ఉన్నప్పుడు, కాలువ ఎంత నీరు మోస్తుందో లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం ప్రకారం సెకనుకు దాదాపు 1.8 ఘనపు మీటర్లు మోస్తుంది. అదే కాలువలో అర మీటరు పూడిక చేరి, కంప మొలిస్తే మోసేది 0.4 మాత్రమే. లోతు సగమే తగ్గింది, నీళ్లు నాలుగో వంతుకన్నా తక్కువకు పడిపోయాయి. రోజు లెక్కన శుభ్రమైన కాలువలో దాదాపు ఐదున్నర ఎంసీఎఫ్‌టీలు, మూసుకున్నదాంట్లో ఒకటింబావు. ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు, ఐదారెకరాల వరి పంటకు సరిపడే నీళ్లు. మన వాయుగుండాలు రెండు మూడు రోజులకు మించి ఉండవు కాబట్టి ఆ రెండు రోజుల్లో కాలువ మోయలేనిది ఆ ఏడాదికి పోయినట్టే.

కల్వర్టు లెక్క ఇంకా మోసం చేస్తుంది. 1.8 ఘనపు మీటర్లు వచ్చే కాలువకు రోడ్డు కింద 600 మిల్లీమీటర్ల సిమెంటు పైపు ఒక్కటే ఉంటే అది దాదాపు మూడో వంతే పోనిస్తుంది, మిగతాది రోడ్డెక్కుతుంది. అలాంటి చోట 900 మిల్లీమీటర్లవి రెండు కావాలి, లేదా మీటరున్నర వెడల్పు స్లాబు కల్వర్టు. రెండు కిలోమీటర్లు పూడిక తీసి మధ్యలో ఈ ఒక్క పైపునూ వదిలేస్తే పెట్టిన డబ్బంతా మట్టిపాలు.

తీయాల్సిన మట్టి లెక్క: పైన చెప్పిన కాలువలో అర మీటరు పూడిక అంటే మీటరు పొడవుకు ఒక ఘనపు మీటరు. రెండు కిలోమీటర్లకు 2,000. మెత్తటి నేలలో మనిషి రోజుకు ఒకటిన్నర ఘనపు మీటర్లు తీస్తాడనుకుంటే దాదాపు 1,330 పనిదినాలు, 40 మంది గుంపుకు 33 రోజులు. మొరం నేలైతే ఇంకా ఎక్కువ పడుతుంది.

ఒప్పందంలో ఏముండాలి

రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం, 1994 కింద పంచాయతీలు ఉమ్మడి పనికి సంయుక్త కమిటీ వేసుకునే వీలుంది. ఒకే మండలమైతే ఎంపీడీవోను కన్వీనరుగా అడగండి. రెండు మండలాలైతే డివిజన్ స్థాయి అధికారిని. ఉమ్మడి చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయాక కొన్ని వంకల మీదుగా జిల్లా హద్దు పోతోంది. అక్కడ రెండు కలెక్టరేట్లకూ ఒకే నక్షా, ఒకే తీర్మానం ప్రతులు పంపాలి. వేరు వేరు ఉత్తరాలు పంపితే రెండూ వేరు వేరు ఫైళ్లయి మళ్లీ కలవవు.

కమిటీలో సర్పంచి, కార్యదర్శి, సాగునీటి సంఘం మనిషి చొప్పున ప్రతి ఊరి నుంచి ముగ్గురు. అధ్యక్షత ఏడాదికొకరు చొప్పున మారాలి, మొదటి ఏడాది పై ఊరికే ఇవ్వండి. ఈ ఏర్పాటులో పై ఊరికి దక్కేది తక్కువ. కనీసం ఆ గౌరవమైనా ముందు వాళ్లకు దక్కాలి.

తీర్మానం మాటలు అన్ని ఊళ్లలోనూ అక్షరం మారకుండా ఒకటే ఉండాలి. ఇలా రాసుకోవచ్చు:

"మా గ్రామ పంచాయతీ హద్దులోని వంక, సప్లై కాలువ, మొరవ దిగువ దారిని జతపరచిన నక్షాలో చూపిన మీటర్ల మేరకు ప్రతి ఏటా జూన్ 30లోగా శుభ్రం చేయుటకును, నక్షాలో నమోదైన మొరవ గడప ఎత్తును మార్చకుండుటకును, సంయుక్త కమిటీ రాతపూర్వక సమ్మతి లేనిదే వంకపై కొత్త చెక్‌డ్యాం గానీ, అడ్డుకట్ట గానీ, మళ్లింపు గానీ ప్రతిపాదించకుండుటకును, వరద సమాచారమును వెంటనే దిగువ పంచాయతీకి తెలియజేయుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. ఈ తీర్మానము ఐదు సంవత్సరములు అమలులో నుండును. మార్పు చేయుటకు అన్ని పంచాయతీల తీర్మానము అవసరము."

ఐదేళ్ల మాట ఊరికే పెట్టలేదు. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైనవాళ్లయినా, తర్వాత వచ్చేవాళ్లయినా పాలకవర్గం కాలం ఐదేళ్లే. ఎన్నికలు ఆలస్యమైతే ప్రత్యేకాధికారి వస్తారు, కార్యదర్శి బదిలీ అవుతారు. కాగితం ఎవరి బీరువాలోనో ఉంటే దానితోపాటే ఒప్పందమూ పోతుంది. అందుకే తీర్మానాన్ని ప్రతి పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఎక్కించి, నక్షాతో కలిపి ఒక ప్రతి ఎంపీడీవో ఆఫీసులో, ఒకటి జలవనరుల ఏఈ దగ్గర, ఒకటి తహసీల్దారు దగ్గర పెట్టాలి. కొత్త పాలకవర్గం వచ్చిన మొదటి మూడు నెలల్లో ఒకసారి వాళ్లను వంక నడిపించండి.

చెక్‌డ్యాం షరతు దగ్గర పై ఊరు తప్పకుండా బిగుసుకుంటుంది. "మా హద్దులో మేం కట్టుకోకూడదా?" అంటారు. నిషేధం వద్దు, ముందుగా చెప్పడం చాలు అని నచ్చజెప్పండి. చిన్న రాతి అడ్డుకట్టతో కింది ఊరికి పెద్ద నష్టం ఉండదు. వరసగా నాలుగైదు కడితే, వాన తక్కువైన ఏడాది మొదటి రెండు తడులు వాటిలోనే ఇంకిపోతాయి.

డబ్బు: ఉమ్మడి సంచి పెట్టకండి

"అందరం తలా కొంత వేసి ఒక ఖాతా తెరుద్దాం" అన్నది మొదట వచ్చే ఆలోచన, అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చేదీ అదే. పంచాయతీ డబ్బు కదిలేది ఈ-గ్రామస్వరాజ్, పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా, సర్పంచి, కార్యదర్శుల డిజిటల్ సంతకాలతో, నేరుగా పని చేసినవారి ఖాతాకు. ఇంకో ఉమ్మడి ఖాతాకు మళ్లిస్తే ఆడిట్ అభ్యంతరం ఖాయం. దానికి బదులు పనినే పంచుకోండి. ఎవరి మీటర్ల మేర పనికి వాళ్లే అంచనా, వాళ్లే కొలతల పుస్తకం, వాళ్లే బిల్లు. ఉమ్మడి ఖర్చులకు దుకాణదారు నుంచో యంత్రం యజమాని నుంచో ఒక్కో పంచాయతీ పేర విడి బిల్లులు తీసుకోవాలి.

ఉపాధి హామీలో పని ఐడీ ఒక పంచాయతీకే ఇస్తారు. హద్దు దాటే కాలువను ఒకే పనిగా పెడితే రెండో ఊరి కూలీల హాజరు చిక్కుల్లో పడుతుంది. 840వ మీటరు దగ్గర రెండు పనులుగా విడగొట్టండి. అంచనాలు రాసేది మాత్రం ఒకే టెక్నికల్ అసిస్టెంట్ అయితే మేలు. లేకపోతే ఒకరు అడుగు మీటరున్నర అనీ, ఇంకొకరు మీటరు అనీ రాస్తారు, హద్దు దగ్గర కాలువ సీసా మెడలా సన్నబడుతుంది. ఈ పథకం కింద జేసీబీ పనికిరాదు. కల్వర్టు మూతులు, వేళ్లు పాతుకున్న సర్కారు తుమ్మ లాంటి యంత్రం కావాల్సిన చోట్లు విడిగా సాధారణ నిధుల్లో పెట్టుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది ఉత్తర్వులు ఏపీవో (మండలంలో ఉపాధి హామీ చూసే అధికారి) దగ్గర చూసుకోండి.

2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సినవి. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి, మిగతా సగం పారిశుద్ధ్యానికి. ఆ తర్వాతి కాలానికి ఏ వాటా దేనికన్నది కొత్త మార్గదర్శకాల్లో చూసుకుని ప్రణాళికలో రాయండి. తప్పు పద్దులో రాసిన పని సగంలో ఆగుతుంది.

ఉమ్మడి ఖర్చు పంపకానికి ఒక ఉదాహరణ. మూడు ఊళ్లు, ఆయకట్టు 60, 90, 150 ఎకరాలు. యంత్రం బాడుగ, ఇసుక బస్తాలు, నీరుగంటి గౌరవ వేతనం కలిపి ఏడాదికి 3 లక్షలు. సమానంగా వేస్తే తలా లక్ష. పై ఊరు ఒప్పుకోదు. ఆయకట్టును బట్టి వేస్తే 60 వేలు, 90 వేలు, లక్షన్నర. కింది ఊరు గొణుగుతుంది. సగం సమానంగా, సగం ఆయకట్టును బట్టి వేయండి: పై ఊరికి 80 వేలు, నడిమి ఊరికి 95 వేలు, కింది ఊరికి లక్షా 25 వేలు. అందరికీ కొంచెం అసంతృప్తి మిగులుతుంది గానీ ఎవరూ లేచిపోరు.

పని కింది నుంచి పైకి

అంచనాలు రాగానే పై ఊరు ముందు మొదలుపెట్టేస్తే ప్రమాదం. పైన కాలువ శుభ్రమై నీళ్లు నాలుగింతలు దిగుతాయి, కింద మొరవ దారి ఇంకా కంపతో ఉంటుంది. మొదటి వాయుగుండానికే కింది కట్ట మీద ఒత్తిడి. కాబట్టి అట్టడుగు చెరువు మొరవ దిగువ దారి మొదట, తర్వాత ఆ చెరువు మొరవ, కట్ట, ఆపైన దానికి వచ్చే కాలువ, ఆ తర్వాతే పై చెరువు. కూలీలు కూడా ఈ వరసలోనే కదలాలి.

తీసిన మట్టిని కాలువ అంచుకు మీటరున్నర దూరంలో, పల్లం వైపు గట్టు మీద వేయాలి. మెరక వైపు వేస్తే పొలాల నుంచి పక్కగా వచ్చే నీళ్లు కాలువలో పడవు, కయ్యల్లో నిలుస్తాయి, మర్నాడే రైతులు గట్టు తెంపుతారు. మెరక వైపు వేయక తప్పకపోతే 20, 30 మీటర్లకొక సందు వదలండి. ఇసుక నేలలో పక్క వాలు ఒకటికి ఒకటిన్నర (మీటరు లోతుకు మీటరున్నర పక్కకు) ఉండాలి, నిలువుగా కోస్తే మొదటి వానకే కూలుతుంది. సర్కారు తుమ్మను మొదలు దగ్గర నరికి వదిలేస్తే రెండేళ్లలో ఇంతకింత అవుతుంది, వేరుతో తీయాల్సిందే. కట్ట మీది పెద్ద చెట్ల వేళ్లు మాత్రం ఏఈని అడక్కుండా పీకకండి. వేరు పోయిన సొరంగం గుండానే నీళ్లు దారి చేసుకుంటాయి.

చెరువు ఒండ్రు రైతులకు ఇస్తే మోత ఖర్చు తగ్గుతుంది. ఎకరా మీద అంగుళం మందం పరవడానికి దాదాపు 100 ఘనపు మీటర్లు కావాలి, అంటే నూరు ఘనపు అడుగుల ట్రాక్టరు ట్రక్కుతో 35, 36 ట్రిప్పులు. ఏ ఊరి చెరువు ఒండ్రు ఆ ఊరికే అన్న నియమం మొదట్లోనే పెట్టుకోండి. తవ్వే లోతు తూము గడప లెవెల్ కంటే కిందికి పోకూడదు, కట్ట కాలికి దగ్గరగానూ తవ్వకూడదు. ఒండ్రు పేరుతో ఇటుక బట్టీలకు మట్టి పోకుండా ట్రిప్పుల పుస్తకం ఇద్దరు వేరు ఊళ్లవాళ్ల చేతిలో ఉండాలి.

వంతు నీళ్లు

వంక మీద అడ్డుకట్ట నుంచో, స్వర్ణముఖి ఊట కాలువ నుంచో, పడమటి మండలాల్లో హంద్రీ–నీవా కాలువ నుంచో చెరువులు నింపుకునే చోట వంతులు కావాలి. పై ఉదాహరణలో ఆయకట్టు 60, 90, 150 అంటే 2, 3, 5 నిష్పత్తి. పది రోజుల చుట్టులో రెండు, మూడు, ఐదు రోజులు. ఇక్కడ ఒక చిన్న మాట పెద్ద గొడవ ఆపుతుంది: వంతు గడియారం తలుపు ఎత్తినప్పుడు కాదు, నీళ్లు ఆ చెరువు మూతికి చేరినప్పుడు మొదలవ్వాలి. పొడి కాలువలో నీళ్లు కింది ఊరికి చేరడానికే పూట గడుస్తుంది, ఆ పూట వాళ్ల వంతులోంచి పోకూడదు.

నవంబరు 30న చెరువులన్నిటి మట్టం చూసి పంట తేల్చుకోండి. సగానికి తక్కువ ఉన్న చెరువు కింద వరి వద్దని, వేరుశనగో రాగో వేయాలని అన్ని ఊళ్లకూ ఒకే మాట ఉండాలి. ఒక ఊరు వరి నాటితే ఫిబ్రవరిలో పక్క చెరువు తూము ముందు జనం చేరతారు.

వానలో ఫోను

ప్రతి తూము స్తంభం మీద రెండు గీతలు గీయండి: పూర్తి నీటి మట్టం దగ్గర ఎరుపు, దానికి 60 సెంటీమీటర్ల కింద పసుపు. నీళ్లు పసుపు తాకితే నీరుగంటి కింది ఊరి నీరుగంటికీ కార్యదర్శికీ ఫోను చేయాలి, వాళ్లు తమ మొరవ దారి చూసి "తెరిచి ఉంది" అని తిరిగి చెప్పాలి. ఎరుపు తాకితే ఏఈకి, తహసీల్దారుకు కూడా. వాట్సప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే రాత్రి రెండింటికి ఎవరూ చూడరు, ఫోనే చేయాలి. గాలివానలో సెల్ టవర్లు పోతాయి కాబట్టి బైకు మీద వెళ్లే మనిషి పేరు కూడా ముందే రాసుకోండి.

సెప్టెంబరులోనే చెరువుకు 500 ఖాళీ సంచులు, రెండు ట్రక్కుల ఇసుక, ఒక ట్రక్కు 20 మిల్లీమీటర్ల కంకర కట్ట దగ్గర ఉంచండి. సంచిని మూడింట రెండు వంతులే నింపాలి. నిండా నింపినవి ఒకదానిమీద ఒకటి అమరవు, సందుల్లోంచి నీళ్లు పోతాయి.

కట్ట వెనక చెమ్మ కనిపిస్తే మొదట రంగు చూడాలి. తేటగా, ఒకే తీరున కారుతుంటే బకెట్ పెట్టి నిండే సమయం రాస్తూ ఉండండి. ఆ సమయం సగానికి తగ్గినా, నీళ్లు బురదగా మారినా కట్ట లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు చాలామంది చేసే తప్పు ఆ బొక్కలో బంకమట్టి కుక్కడం. లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట తన్నుకొస్తుంది. ఊట మీద ముందు ఇసుక, దానిపై కంకర, దానిపై రాళ్లు వేసి, చుట్టూ ఇసుక బస్తాలతో అడుగు, రెండడుగుల ఎత్తు వలయం కట్టాలి. నీళ్లు తేటగా బయటికి రావచ్చు, మట్టి రాకూడదు. అదే సమయంలో తూము ఎత్తి మట్టం దించాలి, కింది ఊళ్లకు కబురు పోవాలి. కట్టను కోయాలా వద్దా అన్నది ఇంజినీరు తేల్చాల్సిన మాట, గుంపు తేల్చేది కాదు.

మొరవ మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీళ్లు నిలుపుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. కట్ట ఎత్తులో వదిలిన భద్రత ఆ అడుగే. చేపల గుత్తదారు మొరవకు అడ్డం కట్టే వల కూడా అంతే ప్రమాదం. కంప, ఆకు చేరి గంటలో గోడైపోతుంది. వేలం నోటీసులోనే "మొరవకు వల కట్టరాదు, కట్టినచో ధరావతు జప్తు" అని అన్ని పంచాయతీలూ ఒకే షరతు రాసుకోవాలి.

ఆక్రమణలు, రోడ్లు, పట్టణం

కాలువ పోరంబోకులో కయ్య చేసుకున్న రైతు గెనిమ (పొలం గట్టు) మీదికి పంచాయతీ జేసీబీ పంపితే పని కోర్టులో ఆగుతుంది. సర్వేయర్ హద్దు రాళ్లు నాటాక, తహసీల్దారు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద 7వ సెక్షన్ నోటీసు, తర్వాత 6వ సెక్షన్ ఉత్తర్వు ఇవ్వాలి. నిలిచిన పంట కోతకు గడువు ఇవ్వండి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణల తొలగింపుపై 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దరఖాస్తులో ఉటంకిస్తే ఫైలు కదలడానికి ఊతం ఉంటుంది. మొదటి నోటీసు కమిటీ సభ్యుల బంధువులెవరైనా ఉంటే వాళ్లకు వెళ్లాలి. ఊరు చూసేది అదే.

జాతీయ రహదారి కింద పైపు చాలకపోతే ఒక్కో సర్పంచి ఒక్కో అర్జీ ఇవ్వడం దండగ. మీటరు గుర్తు, పైపు వ్యాసం, వరద గీత ఫొటో, కావాల్సిన వెడల్పుతో సంయుక్త కమిటీ పేర ఒకే ఉత్తరం, కలెక్టరు ద్వారా.

గొలుసు చివర తిరుపతి, చిత్తూరు లాంటి నగరపాలక సంస్థ ఉంటే లెక్క మారుతుంది. అది వేరే శాఖ, వేరే చట్టం, లేఅవుట్లకు అనుమతి ఇచ్చేది ఇంకో సంస్థ. సర్పంచుల తీర్మానాలు కమిషనర్‌ను కట్టివేయవు. అక్కడ కలెక్టరు అధ్యక్షతన సమావేశం అడగాలి. పల్లె, పట్టణాల ప్రణాళికలు కలిపి చూడాలని రాజ్యాంగంలోని 243జెడ్‌డీ అధికరణం జిల్లా ప్రణాళికా సంఘానికి చెప్పింది, ఆ పేరుతోనే అర్జీ పెట్టవచ్చు. అడగాల్సినవి రెండు: మీ మొరవ దారి నగరంలో ఏ డ్రెయినులో కలుస్తుందో నక్షా, ఆ దారి మీద కొత్త లేఅవుట్ దరఖాస్తు వస్తే సంయుక్త కమిటీకి కబురు.

డిసెంబరు నడక

వానలు తగ్గిన పదిరోజుల్లోపు అదే బృందం మళ్లీ నడవాలి. నీళ్లు ఎంత ఎత్తున పారాయో కల్వర్టు గోడల మీద, చెట్ల మొదళ్ల మీద బురద గీత చెబుతుంది. ప్రతి 30 మీటర్ల గుర్తు దగ్గర ఆ ఎత్తు కొలిచి, ఆగస్టు పుస్తకంలో పక్క గడిలో రాయండి. పై గుర్తుకూ కింది గుర్తుకూ మధ్య గీత ఒక్కసారిగా పడిపోయిందంటే ఆ రెంటి మధ్య ఏదో అడ్డు మిగిలినట్టు. జనవరి అంచనాలో మొదటి పని అదే. ఆలస్యం చేయకండి, ఆ గీత సంక్రాంతి దాకా ఉండదు.